3.9 అంటే తగ్గినట్టు కాదు: మంచి కొలెస్టరాల్ రిపోర్టు ఎలా చదవాలి

*ఆరోగ్య ప్రసంగం*
(మహబూలాలో శుక్రవారం జరిగిన మన సభ్యుల సమావేశంలో, కువైట్‌లో పనిచేస్తున్న ఒక తెలుగు స్టాఫ్ నర్సు చేసిన ప్రసంగం ఇది. డ్యూటీ వల్ల రాలేకపోయినవాళ్ల కోసం ఇక్కడ పెడుతున్నాం.)

 

వారానికి దొరికేది ఒక్క రోజు సెలవు. బట్టలు ఉతుక్కోవాలి, కూర వండుకోవాలి, ఇంటికి ఫోన్ చేయాలి. అవన్నీ పక్కన పెట్టి వచ్చారు కాబట్టి నేను చుట్టు తిప్పకుండా విషయానికి వస్తాను. ఈరోజు మాట్లాడేది రక్తపరీక్ష కాగితంలో ఒక్క లైను గురించి. ఆ లైను పేరు హెచ్‌డీఎల్. మనం "మంచి కొలెస్టరాల్" అంటామే, అదే.

ఎందుకు ఈ ఒక్క లైను? మీలో చాలామంది పిల్లలు ఊళ్లో నర్సింగ్ చదువుతున్నారు. కడపలో, తిరుపతిలో, రాజమండ్రిలో, ఎక్కడో ఒకచోట జీఎన్‌ఎమ్మో, బీఎస్సీ నర్సింగో. ఇక్కడ మీరు రక్తం ఇస్తారు, రిపోర్టు ఫొటో తీసి "చూసి చెప్పమ్మా" అని బిడ్డకు వాట్సాప్‌లో పంపుతారు. మంచిదే. కానీ ఆ అమ్మాయి చదువుకున్న పుస్తకంలో అంకెలు ఒక లెక్కలో ఉంటాయి, కువైట్ కాగితంలో అంకెలు ఇంకో లెక్కలో ఉంటాయి. అక్కడే ప్రమాదం మొదలవుతుంది. అందుకే ఈ మాటలు మీకూ, మీ పిల్లలకూ కలిపి చెబుతున్నాను. బులెటిన్‌లో వచ్చాక వాళ్లకు కూడా పంపండి.

*అంకె ఒకటే కాదు, కొలత కూడా చూడాలి*

ఇండియాలో ల్యాబులు కొలెస్టరాల్‌ను మిల్లీగ్రాముల్లో రాస్తాయి. ఒక డెసీలీటర్ రక్తంలో, అంటే వంద మిల్లీలీటర్లలో, ఎన్ని మిల్లీగ్రాములు ఉన్నాయి అని. కువైట్‌లో మామూలుగా మిల్లీమోల్స్‌లో రాస్తారు, అది లీటరు రక్తానికి లెక్క. రక్తం అదే, కొలెస్టరాల్ అదే, కొలత వేరు. బంగారాన్ని ఒకరు తులాల్లో చెబితే ఇంకొకరు గ్రాముల్లో చెప్పినట్టు.

దీనివల్ల ఏమవుతుందో చూడండి. ఒకాయన సెలవుకు ఊరికి పోయినప్పుడు పరీక్ష చేయించుకున్నాడు అనుకుందాం. చెడు కొలెస్టరాల్, అంటే ఎల్‌డీఎల్, 150 వచ్చింది. డాక్టరు మాత్ర రాసిచ్చాడు. కువైట్ వచ్చాక మూడు నెలలకు తెచ్చుకున్న మాత్రలు అయిపోయాయి. ఇక్కడ మళ్లీ పరీక్ష చేయిస్తే 3.9 అని వచ్చింది. "150 ఎక్కడ, 3.9 ఎక్కడ! మొత్తం తగ్గిపోయింది, ఇంక మాత్ర ఎందుకు" అనుకుంటాడు. నిజానికి ఆ 3.9ని ఇండియా లెక్కలోకి మారిస్తే 152 అవుతుంది. ఒక్క చుక్క తగ్గలేదు.

మార్చడం చాలా తేలిక. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీయండి.
• మొత్తం కొలెస్టరాల్, హెచ్‌డీఎల్, ఎల్‌డీఎల్: కువైట్ అంకెను 39తో గుణించండి. ఇండియా అంకె వస్తుంది.
• ట్రైగ్లిజరైడ్స్: 89తో గుణించండి. దీని లెక్క వేరు, కలిపేయకండి.
• ఇండియా అంకెను కువైట్ అంకెగా మార్చాలంటే అదే సంఖ్యతో భాగించండి.

నర్సింగ్ చదివే పిల్లలు ఇది కంఠతా పెట్టుకోండి. రేపు మీరు కువైట్‌కో ఇంగ్లండ్‌కో ఉద్యోగానికి వస్తే రోజూ ఈ మిల్లీమోల్స్‌తోనే పని.

*అసలు హెచ్‌డీఎల్ చేసే పని ఏమిటి?*

కొలెస్టరాల్ విషం కాదు. మన ఒంట్లో ప్రతి కణానికీ అది కావాలి. కొన్ని హార్మోన్లు, పైత్యరసం తయారు కావాలన్నా అదే కావాలి. కానీ అది కొవ్వు లాంటి పదార్థం, రక్తంలో కరగదు. కాబట్టి దాన్ని మోయడానికి బండ్లు కావాలి. ఎల్‌డీఎల్ ఒక రకం బండి, ఒంటికంతా సరుకు మోసుకెళ్తుంది. ఇవి ఎక్కువైతే సరుకు దారిలోనే, రక్తనాళాల గోడల్లో దిగబడిపోతుంది. ఏళ్ల తరబడి పేరుకుని నాళం సన్నబడుతుంది. ఒకరోజు ఆ పూడిక పగిలి, అక్కడ రక్తం గడ్డకట్టి, దారి మూసుకుపోతుంది. అదే గుండెపోటు.

హెచ్‌డీఎల్ మన మహబూలా వీధుల్లో తిరిగే బలదియా చెత్తలారీ లాంటిది. మిగిలిపోయిన కొలెస్టరాల్‌ను ఎత్తుకుని కాలేయానికి చేరుస్తుంది. అందుకని దానికి మంచి కొలెస్టరాల్ అని పేరు వచ్చింది. నిజానికి లోపలి కొలెస్టరాల్ రెండింటిలోనూ ఒకటే. మంచీ చెడూ అన్నది మోసే బండిని బట్టి.

అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరివాళ్ల గుండె ఆరోగ్యాన్ని 1948 నుంచి డాక్టర్లు గమనిస్తూ వస్తున్నారు. హెచ్‌డీఎల్ తక్కువ ఉన్నవాళ్లకు గుండెజబ్బు ఎక్కువగా వస్తోందని 1977లో వాళ్లు రాశారు. ఈ "మంచి" అన్న మాట జనంలోకి బాగా పోయింది అప్పటినుంచే.

*ఎంత ఉండాలి?*

• మగవాళ్లకు: 1.0 కంటే తక్కువైతే తక్కువ అని లెక్క. ఇండియా లెక్కలో 40.
• ఆడవాళ్లకు: 1.3 కంటే తక్కువైతే తక్కువ. ఇండియా లెక్కలో 50.

అక్కలూ, ఇది మీరు జాగ్రత్తగా వినండి. కొన్ని రిపోర్టుల్లో పక్కన ఒకటే హద్దు వేస్తారు, 1.0 పైన ఉంటే చాలని. మీకు 1.1 వస్తే కాగితం మీద ఏ గుర్తూ ఉండదు. కానీ ఆడవాళ్ల హద్దు ప్రకారం అది తక్కువే. ఇళ్లలో పనిచేసే అక్కలు "నాది నార్మలే" అనుకుని ఊరుకోవడానికి ఇదొక కారణం.

ఇంకో తికమక ఉంది. అంకె పక్కన ల్యాబువాళ్లు ఇంగ్లీషు అక్షరం ఒకటి వేస్తారు. హెచ్ అంటే ఎక్కువ, ఎల్ అంటే తక్కువ. ఎల్‌డీఎల్ పక్కన హెచ్ పడితే చెడ్డది. హెచ్‌డీఎల్ పక్కన ఎల్ పడితే చెడ్డది. "కొలెస్టరాల్ తక్కువ ఉందంట, మంచిదేగా" అని నవ్వుతూ పోయేవాళ్లను చూస్తుంటాను. తక్కువైంది ఏ బండి అన్నది చూడాలి కదా!

*ఒక కాగితం కలిసి చదువుదాం*

ఇది నేను ఉదాహరణకు వేసిన రిపోర్టు, ఎవరిదీ కాదు. వయసు 41, మగమనిషి, పరగడుపున ఇచ్చిన రక్తం.
• మొత్తం కొలెస్టరాల్: 5.4
• ట్రైగ్లిజరైడ్స్: 2.4
• హెచ్‌డీఎల్: 0.85
• ఎల్‌డీఎల్: 3.46

ముందు మారుద్దాం. మొత్తం సుమారు 210, ట్రైగ్లిజరైడ్స్ 213, హెచ్‌డీఎల్ 33, ఎల్‌డీఎల్ 135.

ఇప్పుడు చాలామంది చేసే పని, మొత్తం కొలెస్టరాల్ చూసి "200కి కొంచెం ఎక్కువ, ఫర్వాలేదు" అని కాగితం మడిచి పెట్టేయడం. కానీ అందులో అసలు కథ హెచ్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్స్ దగ్గర ఉంది. ఒకటి హద్దు కంటే కింద, ఇంకొకటి హద్దు కంటే పైన. ట్రైగ్లిజరైడ్స్ 1.7 లోపు ఉండాలి. ఈ జంట మన దేశంవాళ్లలో చాలా ఎక్కువగా కనిపిస్తుంది. పొట్ట చుట్టూ కొవ్వు చేరడం, ఒంట్లో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయకపోవడం దీని వెనక ఉంటాయి. షుగరు రాబోతోందని, లేదా ఇప్పటికే వచ్చిందని అది చెప్పే మాట కావచ్చు. కాబట్టి ఈ కాగితం చూసిన నర్సు అడగాల్సిన తర్వాతి ప్రశ్న: "షుగరు పరీక్ష చేయించుకున్నావా అన్నా? బీపీ ఎంత? నడుం కొలత ఎంత?" మనవాళ్లకు నడుం మగవాళ్లలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లలో 80 దాటకూడదు. టేపుతో బొడ్డు దగ్గర కొలుచుకోండి, ప్యాంటు సైజు నమ్మకండి.

ఇప్పుడు ఒక చిన్న తీసివేత. మొత్తంలోంచి హెచ్‌డీఎల్ తీసేయండి. 5.4లోంచి 0.85 పోతే 4.55. దీన్ని నాన్ హెచ్‌డీఎల్ అంటారు. అంటే రక్తనాళంలో దిగబడగల బండ్లన్నిటి సరుకూ కలిపి. పెద్దగా జబ్బులేమీ లేనివాళ్లకు ఇది 3.4 లోపు, అంటే 130 లోపు ఉంటే మంచిది. ఈయనకు చాలా ఎక్కువ. దీనికి ఫీజు లేదు, ఇంకో పరీక్ష అక్కర్లేదు. నర్సింగ్ పిల్లలు రిపోర్టు చూడగానే ముందు చేయాల్సిన లెక్క ఇది.

ఇంకొకటి. ఎల్‌డీఎల్‌ను చాలా ల్యాబుల్లో నేరుగా కొలవరు, మిగతా మూడు అంకెల్లోంచి లెక్కగడతారు. ట్రైగ్లిజరైడ్స్ 4.5 దాటితే, అంటే 400 దాటితే, ఆ పాత సూత్రం నమ్మదగ్గది కాదు. అప్పుడు నాన్ హెచ్‌డీఎల్ ఇంకా బాగా పనికొస్తుంది.

పరగడుపు సంగతి కూడా చెప్పేస్తాను. తిన్నాక ఇచ్చినా హెచ్‌డీఎల్ పెద్దగా మారదు. మారేది ట్రైగ్లిజరైడ్స్. రాత్రి బిర్యానీ తిని తెల్లారి రక్తం ఇస్తే అది పెరిగి కనిపించవచ్చు. డాక్టరు పరగడుపున రమ్మంటే పది పన్నెండు గంటలు ఏమీ తినకండి, మంచినీళ్లు మాత్రం తాగొచ్చు. జ్వరం, ఇన్ఫెక్షన్ వచ్చి తగ్గిన వెంటనే చేయిస్తే హెచ్‌డీఎల్ తగ్గి కనిపిస్తుంది. కొన్ని వారాలు ఆగి చేయించండి.

*హెచ్‌డీఎల్ ఎక్కువ ఉంటే ఇంక భయం లేదా?*

ఈరోజు మీరు ఒక్క ముక్క గుర్తుపెట్టుకుంటే చాలనుకుంటే, అది ఇదే. హెచ్‌డీఎల్ బాగుండటం మనకు కవచం కాదు.

ఇంకో ఉదాహరణ రిపోర్టు. హౌస్ డ్రైవర్ అనుకోండి. మొత్తం 6.6, హెచ్‌డీఎల్ 1.7, ట్రైగ్లిజరైడ్స్ 1.3, ఎల్‌డీఎల్ 4.3. "నా మంచి కొలెస్టరాల్ చూడు సిస్టర్, అందరికంటే ఎక్కువ! చెడ్డదాన్ని అదే ఊడ్చేస్తుంది" అంటాడు. ఎల్‌డీఎల్ 4.3 అంటే మన లెక్కలో 168. వంద లోపు ఉండాల్సింది. షుగరున్నవాళ్లకు ఇంకా తక్కువ ఉండాలి. ఊడ్చే లారీలు ఎక్కువున్నాయని చెత్త ఎంతైనా పోసుకోవచ్చా? లారీలు ఎన్ని ఉన్నాయో రిపోర్టు చెబుతుంది కానీ, అవి పని చేస్తున్నాయో లేదో చెప్పదు.

ఇది నా సొంత మాట కాదు. హెచ్‌డీఎల్ పెంచితే గుండెపోట్లు తగ్గుతాయని కంపెనీలు కూడా నమ్మాయి. టోర్సెట్రాపిబ్ అనే మందును సుమారు 15 వేల మందిపై పరీక్షించారు. హెచ్‌డీఎల్ బ్రహ్మాండంగా పెరిగింది. కానీ మందు వేసుకున్నవాళ్లలోనే మరణాలు ఎక్కువయ్యాయి. 2006 డిసెంబరులో ఆ పరీక్ష ఆపేశారు. నియాసిన్ అనే విటమిన్ మందు కూడా హెచ్‌డీఎల్ పెంచుతుంది. దాన్ని స్టాటిన్ మాత్రకు తోడుగా 25 వేల మందికి పైగా ఇచ్చి చూశారు. 2014లో ఫలితం వచ్చింది: గుండెపోట్లు చెప్పుకోదగ్గట్టు తగ్గలేదు, దుష్ప్రభావాలు మాత్రం పెరిగాయి. డెన్మార్క్‌లో లక్షమందికి పైగా జనాన్ని గమనించి 2017లో రాసినదాంట్లో, హెచ్‌డీఎల్ మరీ ఎక్కువగా, మగవాళ్లలో 3.0, అంతకు పైన ఉన్నవాళ్లలో మరణాలు ఎక్కువే అని తేలింది.

అంటే ఏమిటి? హెచ్‌డీఎల్ తక్కువ అయితే అది హెచ్చరిక. ఎక్కువ అయితే అది అభయం కాదు. మందులతో తగ్గించాల్సింది ఎల్‌డీఎల్‌ను. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ లాంటి మాత్రలు గుండెపోటును తగ్గిస్తాయని గట్టిగా రుజువైంది. అవి హెచ్‌డీఎల్‌ను పెద్దగా పెంచవు. "ఆరు నెలలు వేసుకున్నా మంచి కొలెస్టరాల్ పెరగలేదు, ఈ మాత్ర పనిచేయట్లేదు" అని మానేయకండి. దాని పని అది కాదు. అలాగే "మంచి కొలెస్టరాల్ పెంచే క్యాప్సూల్" అని ఎవరైనా అమ్మితే మీ దీనార్లు మీ జేబులోనే ఉంచుకోండి.

*ఇది మనకే ఎందుకు ముఖ్యం?*

52 దేశాల్లో గుండెపోటు వచ్చినవాళ్లను పరిశీలించిన ఇంటర్‌హార్ట్ అనే పెద్ద అధ్యయనం 2004లో వచ్చింది. అందులో దక్షిణాసియావాళ్లకు, అంటే మనలాంటివాళ్లకు, మొదటి గుండెపోటు మిగతావాళ్లకంటే అయిదారేళ్లు ముందుగానే వస్తోందని తేలింది. మన లెక్కలో అయిదారేళ్లు అంటే ఏమిటి? బిడ్డ పెళ్లి, ఇంటి అప్పు, పొలం విడిపించుకోవడం. ఆ ఏళ్లే కదా మనం ఇక్కడికి వచ్చి సంపాదించుకునేది. అదే అధ్యయనం ఇంకో మంచి మాట కూడా చెప్పింది. గుండెపోట్లకు చాలావరకు కారణాలు మన చేతిలో ఉన్నవే: పొగ, కొలెస్టరాల్, బీపీ, షుగరు, పొట్ట, మనసులో ఒత్తిడి, కూరగాయలూ పండ్లూ తినకపోవడం, వ్యాయామం లేకపోవడం.

*హెచ్‌డీఎల్ తగ్గించేవి, మనం చేయగలిగేవి*

• *సిగరెట్.* హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది, నాళాన్ని కూడా పాడుచేస్తుంది. మానేస్తే కొద్ది వారాల్లోనే హెచ్‌డీఎల్ మెరుగవుతుంది. షీషా కూడా పొగే.
• *కూర్చునే పని.* డ్రైవర్లు, సెక్యూరిటీవాళ్లు వినండి. వారానికి రెండు గంటలకు పైగా చురుగ్గా నడిస్తే హెచ్‌డీఎల్ ఇండియా లెక్కలో రెండు మూడు పాయింట్లు పెరగొచ్చు. కొంచెమే. కానీ అదే నడక షుగరు, బీపీ, పొట్ట మూడింటినీ లాగుతుంది. ఎండాకాలంలో సూర్యుడు దిగాక సముద్రం వైపు నడవండి. ఎండలో కంపెనీ పనినే జూన్ నుంచి ఆగస్టు దాకా 11 నుంచి 4 వరకు ప్రభుత్వం ఆపేస్తుంది, మనం ఆ వేళలో నడకకు పోనక్కర్లేదు. నడుస్తుంటే ఛాతీ పట్టేస్తే ఆగిపోయి డాక్టరుకు చూపించుకోండి.
• *కంచం.* పెద్ద కుప్ప అన్నం, కొంచెం పులుసు. లేదా నాలుగు ఖుబూస్, తీపి చాయ్, పెప్సీ. ఇలా తింటే ట్రైగ్లిజరైడ్స్ పెరుగుతాయి, హెచ్‌డీఎల్ తగ్గుతుంది. అన్నం సగం చేసి పప్పు, కూరగాయలు, గుడ్డు, చేప పెంచండి. రూంలో నలుగురు కలిసి వండుకునేవాళ్లకు ఇది ఖర్చు పెంచేది కాదు. బాకాలాలో దొరికే సార్డిన్ డబ్బా కూడా చేపే.
• *డాల్డా, మళ్లీ మళ్లీ కాచిన నూనె.* డాల్డా రకాల్లో ఉండే ట్రాన్స్ కొవ్వు ఎల్‌డీఎల్‌ను పెంచి హెచ్‌డీఎల్‌ను తగ్గిస్తుంది. రెండు వైపులా దెబ్బ. సమోసాలు, పఫ్‌లు రోజూ వద్దు.
• *జిమ్ ఇంజెక్షన్లు.* తమ్ముళ్లూ, కండ పెరగడానికి వేసుకునే స్టెరాయిడ్లు హెచ్‌డీఎల్‌ను బాగా పడగొడతాయి. పాతికేళ్ల కుర్రాడి రిపోర్టులో హెచ్‌డీఎల్ 0.5 కనిపిస్తే నేను మొదట అడిగేది ఇదే.
• *మందు.* "కొంచెం తాగితే మంచి కొలెస్టరాల్ పెరుగుతుంది" అని రూముల్లో చెప్పుకుంటారు. అంకె కొంచెం పెరిగినా గుండెకు రక్షణ వస్తుందని కాదు, ట్రైగ్లిజరైడ్స్, బీపీ కూడా పెరుగుతాయి. పైగా ఇక్కడ దొరికేది ఏమిటో మీకు తెలుసు. 2025 ఆగస్టులో మిథనాల్ కలిసిన దొంగ సారా తాగి కువైట్‌లో 23 మంది చనిపోయారు. చూపు పోయినవాళ్లు ఉన్నారు. చట్టం సంగతి అటుంచండి, ప్రాణం సంగతి చూడండి.

*ఫొటో పంపేటప్పుడు*

ఊళ్లో బిడ్డకు గానీ, ఇక్కడ నాకు గానీ రిపోర్టు పంపేటప్పుడు ఇలా పంపండి.
1. కాగితం మొత్తం పడాలి. అంకె ఒక్కటే కాదు, కొలత ఉన్న గడి, హద్దులున్న గడి, తేదీ అన్నీ కనిపించాలి.
2. సివిల్ ఐడీ నంబరు మీద వేలు పెట్టో, కాగితం మడిచో ఫొటో తీయండి. అది గ్రూపుల్లో తిరగకూడదు.
3. వయసు, సిగరెట్ అలవాటు, బీపీ, షుగరు, ఇంట్లో చిన్న వయసులో ఎవరికైనా గుండెపోటు వచ్చిందా, ఇవి రాయండి.
4. వేసుకుంటున్న మాత్ర స్ట్రిప్ ఫొటో కూడా పెట్టండి. ఇండియా కంపెనీ పేరు ఇక్కడ ఉండకపోవచ్చు. లోపలి మందు పేరు చూపిస్తే ఇక్కడి డాక్టరు అదే మందు వేరే కంపెనీది రాస్తారు. తెచ్చుకున్నవి అయిపోకముందే, ఇంకా రెండు వారాలవి ఉండగానే ముస్తౌసఫ్‌కు వెళ్లండి.

నర్సింగ్ చదివే అమ్మాయిలకు, అబ్బాయిలకు ఒక మాట. నాన్న ఫొటో పంపితే "నార్మలే నాన్నా" అని ఒక్క ముక్కలో తేల్చకండి. ఆయన ఆ మాట మీద మాత్ర మానేస్తాడు, ఎందుకంటే డాక్టరు కంటే మీ మాటే ఆయనకు గట్టి. కొలత చూడండి, మార్చండి, తీసివేత చేయండి, షుగరు అడగండి. చివర్లో "మాత్ర మాత్రం డాక్టరు చెప్పకుండా ఆపొద్దు నాన్నా" అనండి. మీరు పుస్తకంలో చదివింది మొదట పనికొచ్చేది మీ ఇంట్లోవాళ్లకే.

చివరిగా ఒక్కటి. ఏ రిపోర్టూ నొప్పి కంటే గొప్పది కాదు. ఛాతీలో బరువు, నొక్కేసినట్టు నొప్పి, ఎడమ చేతికో దవడకో పాకడం, చెమటలు, ఆయాసం వస్తే గ్యాస్ అని సోడా తాగి పడుకోకండి. పోయిన నెల హెచ్‌డీఎల్ 1.8 వచ్చినా సరే. 112కు ఫోన్ చేయండి. భాష రాకపోతే పక్కన అరబిక్ వచ్చినవాళ్ల చేతికి ఫోన్ ఇవ్వండి. "డ్యూటీ పోతుంది, తెల్లారాక చూద్దాం" అన్న గంటల్లోనే గుండె కండరం చచ్చిపోతుంది.

ఇప్పుడు మీ మీ కాగితాలు తీయండి. ముందు అంకె వద్దు, కొలత ఏముందో చూసి చెప్పండి. ఒక్కొక్కరివీ చూద్దాం.

(సమావేశంలో తర్వాతి భాగం విడివిడిగా రిపోర్టులు చూడటంతో సాగింది. ఈ ప్రసంగాన్ని మీ రూం గ్రూపుల్లోనూ, ఊళ్లో చదువుకుంటున్న మీ పిల్లలకూ పంపగలరు.)